వృత్తి కోర్సుల్లో మీకు సరిపడేది ఏది? ఆసక్తి చెప్పేదేమిటి, స్వభావం చెప్పేదేమిటి

ఎలక్ట్రికల్‌లో చేరాలా, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులోనా, కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లోనా అన్నది తేలక, దరఖాస్తు గడువు ముగిసేదాకా తటపటాయించేవాళ్ళు చాలామంది ఉంటారు. సలహా అడిగితే తలో మాట చెబుతారు. ఒకరు ఉద్యోగాలు ఎక్కడ ఎక్కువో చెబుతారు, మరొకరు జీతాల లెక్క తీస్తారు, ఇంకొకరు 'నీకు ఏది ఇష్టమైతే అది తీసుకో' అంటారు. ఈ మూడో మాట మంచి మనసుతో అన్నదే అయినా, ఎంచుకోవలసిన మనిషికి దానివల్ల ఒరిగేది తక్కువ. ఒక్కసారైనా వెల్డింగ్ టార్చి పట్టుకోని వ్యక్తికి వెల్డింగ్ ఇష్టమో కాదో ఎలా తెలుస్తుంది?

నేను చెప్పదలచుకున్నది ఇది. కోర్సును ఆసక్తిని బట్టి ఎంచుకోవాలి. ఆ కోర్సు నేర్చుకున్నాక అందులోని ఏ పనిలో స్థిరపడాలన్నది స్వభావాన్ని బట్టి తేల్చుకోవాలి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలామంది తమకు చక్కగా నప్పే చదువును చేజేతులా వదులుకుంటారు. 'నేను ఎక్కువ మాట్లాడను, నర్సింగ్ నావల్ల కాదు' అనే అమ్మాయి, 'నాకు నలుగురిలో ఉండటం ఇష్టం, వర్క్‌షాపులో మగ్గిపోతాను' అనే అబ్బాయి ఇద్దరూ స్వభావాన్ని చూసి కోర్సునే కొట్టేస్తున్నారు. ఆపరేషన్ థియేటర్‌లో రోగితో మాటలు తక్కువ, చూపు, శ్రద్ధ ఎక్కువ. మరమ్మతు కేంద్రంలో వాహనం తెచ్చినవాళ్ళతో మాట్లాడి, వాళ్ళు చెప్పే అస్పష్టమైన ఫిర్యాదును మెకానిక్‌కు అర్థమయ్యేలా రాసిపెట్టే మనిషి లేకపోతే పనే ముందుకు సాగదు.

## ఆసక్తి వేరు, స్వభావం వేరు

మీ దృష్టి తనంతట తాను దేనివైపు మళ్ళుతుందో అది ఆసక్తి. ఏ పనిలో ఉన్నా మీరు నడుచుకునే తీరు స్వభావం. ఒకే ఆసక్తి ఉన్న ఇద్దరి స్వభావాలు పూర్తిగా వేరుగా ఉండవచ్చు. యంత్రాలంటే ప్రాణమిచ్చే ఇద్దరిలో ఒకరు నెమ్మదిగా, కొలిచి కొలిచి పనిచేస్తారు. మరొకరు గబగబా విప్పి చూస్తేగాని ఊరుకోరు.

ఆసక్తుల గురించి ఎక్కువగా వాడుకలో ఉన్న సిద్ధాంతం అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్‌ది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన సైన్యంలో చేరేవాళ్ళను ఇంటర్వ్యూ చేసే పనిలో ఉన్నారు. మనుషుల పని చరిత్రలు కొన్ని గుంపులుగా సర్దుకుంటాయన్న ఆలోచన ఆయనకు అక్కడే కలిగింది. 1959లో దాన్ని సిద్ధాంతంగా ప్రకటించారు. ఆయన చెప్పిన రకాలు ఆరు: పనిముట్లతో, యంత్రాలతో చేతులారా పనిచేయాలనుకునే కార్యశీల రకం, ఎందుకు, ఎలా అని తవ్వే పరిశోధక రకం, రూపం, రంగు, మాట మీద మనసుపడే కళాత్మక రకం, మనుషులకు నేర్పాలని, తోడ్పడాలని కోరుకునే సేవా రకం, ఒప్పించడం, నడిపించడం ఇష్టపడే నాయక రకం, లెక్క, దస్త్రం, క్రమం కోరుకునే క్రమబద్ధ రకం. వీటిని ఆయన షడ్భుజి చుట్టూ అమర్చారు. పక్కపక్కన ఉన్నవి దగ్గరి చుట్టాలు, ఎదురెదురుగా ఉన్నవి బాగా దూరం.

ఎవరూ ఒకే రకానికి చెందరు. అందుకే ఈ రకాలను కొలిచే ప్రశ్నావళి ఫలితంలో సాధారణంగా రెండు మూడు రకాలు వరుసగా వస్తాయి. వృత్తి కోర్సుల విషయంలో నేను మొదటి రకం కన్నా రెండో రకాన్నే ఎక్కువ పట్టించుకోమంటాను. సాంకేతిక కోర్సులకు వచ్చేవాళ్ళలో చాలామందికి మొదటి స్థానంలో కార్యశీల రకమే ఉంటుంది, కాబట్టి అది ఒక కోర్సును ఇంకో కోర్సు నుంచి విడదీయలేదు. విడదీసేది రెండోది. కార్యశీలతకు పరిశోధక రకం తోడైతే ఎలక్ట్రానిక్స్, వాహనాల లోపాలు కనిపెట్టడం బాగా నప్పుతాయి. క్రమబద్ధ రకం తోడైతే యంత్రాల మీద లోహపు భాగాలను కొలత ప్రకారం కోసి తయారుచేసే మెషినిస్టు పని, నాణ్యత తనిఖీ. సేవా రకం తోడైతే రేడియోగ్రఫీ (రోగులకు ఎక్స్‌రేల వంటివి తీసే పని), ఫిజియోథెరపీ సహాయకుల పని. కళాత్మకం తోడైతే చెక్కపని, వంట.

స్వభావానికి పరిశోధకులు ఎక్కువగా వాడే కొలత ఐదు లక్షణాలది: కొత్తదనాన్ని స్వీకరించే గుణం, శ్రద్ధ, కలుపుగోలుతనం, సౌమ్యత, కలత చెందే గుణం. 1991లో బారిక్, మౌంట్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, నైపుణ్య వృత్తులతో సహా వాళ్ళు పరిశీలించిన ఉద్యోగ వర్గాలన్నిటిలోనూ పనితీరుతో ముడిపడి కనిపించిన లక్షణం శ్రద్ధ ఒక్కటే. కలుపుగోలుతనం ప్రధానంగా నిర్వహణ, అమ్మకాల పనుల్లోనే తోడ్పడింది. మితభాషులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మీ మౌనం మీకు తలుపులు మూసేయదు. చెప్పిన సమయానికి రావడం, పనిముట్టును తీసినచోటే పెట్టడం, ముగించిన పనిని మరోసారి సరిచూడటం అలవాటు లేకపోతే మాత్రం ఏ కోర్సులోనైనా ఇబ్బంది పడతారు.

## కోర్సులను తూచే కొలబద్దలు

కోర్సు పేరు చూసి కాదు, ఆ పని చేసేవాళ్ళ మామూలు రోజు ఎలా గడుస్తుందో చూసి తూచాలి. నేను ఈ విషయాలు చూస్తాను.

చేతిలో ఉండేది ఏమిటి? 1982లో డేల్ ప్రెడిగర్ అనే పరిశోధకుడు హాలండ్ షడ్భుజి కింద రెండు గీతలు ఉన్నాయని చూపించారు. ఒక గీతకు ఒక కొసన వస్తువులు, మరో కొసన మనుషులు. రెండో గీతకు ఒకవైపు సమాచారం, రెండోవైపు ఆలోచనలు. మీరు ఎక్కడ నిలబడతారో తెలుసుకోవడానికి పరీక్ష రాయనవసరం లేదు. పని మధ్యలో ఎవరైనా వచ్చి పలకరిస్తే మీకు ఊరట కలుగుతుందా, విసుగు పుడుతుందా? నిజాయితీగా చెప్పుకోండి.

ఫలితం ఎప్పుడు కనబడుతుంది? అతుకు వేసిన కొన్ని నిమిషాలకే వెల్డరుకు తన పని ఎలా వచ్చిందో కనబడుతుంది. చిన్నపిల్లల సంరక్షణలో ఉన్నవాళ్ళకు ఒక బిడ్డలో మార్పు కనబడటానికి నెలలు పడుతుంది. ఫలితం వెంటనే కళ్ళముందు లేకపోతే నీరసపడే మనుషులు ఉన్నారు. అది లోపం కాదు, కానీ ముందే తెలుసుకోవలసిన సంగతి.

తప్పు ఖరీదు ఎంత? కొన్ని పనుల్లో తప్పు చేస్తే ఒక లోహపు ముక్క వృథా. కొన్నిటిలో ఒక మనిషి ప్రాణం. కలత చెందే గుణం ఎక్కువగా ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచించాలి. వాళ్ళు భయపడి తప్పుకోవాలని కాదు. వాళ్ళలో కొందరు ఆ కలత వల్లే అందరికన్నా జాగ్రత్తగా ఉంటారు. అయితే రాత్రి ఇంటికి వెళ్ళాక కూడా ఆ పని మనసులో తిరుగుతూనే ఉంటే అది మోయలేని బరువవుతుంది.

శరీరం ఒప్పుకుంటుందా? దీన్ని ఆసక్తుల పరీక్షలు అడగవు, కళాశాలలూ ఒక్కోసారి అడగవు. ఎర్ర, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియని వర్ణాంధత యూరప్ మూలాలున్న పురుషుల్లో నూటికి సుమారు 8 మందికి ఉంటుంది. తీగల రంగులు, రెసిస్టర్ మీది రంగు పట్టీలు చదవవలసిన పనుల్లో అది పెద్ద అడ్డంకి. పిండి ధూళి వల్ల బేకరీ పనివాళ్ళకు వచ్చే ఉబ్బసం వైద్యంలో బాగా తెలిసిన వృత్తి వ్యాధి. కేశాలంకరణ చేసేవాళ్ళకు నీళ్ళు, రసాయనాల వల్ల చేతుల చర్మం పాడవడమూ అంతే. చర్మానికో ఊపిరికో ముందునుంచే ఇబ్బంది ఉంటే చేరకముందే వైద్యుణ్ణి అడగండి.

పనిలోని విసుగు భాగం ఏది? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన కొలబద్ద ఇదే. ప్రతి వృత్తిలో ఆకర్షించే భాగం ఒకటుంటుంది, రోజులో ఎక్కువసేపు మింగేసే భాగం వేరే ఉంటుంది. గ్రాఫిక్ డిజైన్‌లో ఆకర్షించేది కొత్త ఆలోచన. సమయం మింగేది ఒకే బొమ్మను ఎనిమిది కొలతల్లో మళ్ళీ సర్దడం. విసుగు భాగాన్ని చూసి కూడా 'ఫరవాలేదు, చేయగలను' అనిపించే కోర్సులో మనిషి నిలబడతాడు.

## కోర్సులు ఒకే చూపులో

| కోర్సు | దేనితో పని | ఫలితం తెలిసేది | తప్పు జరిగితే | సమయం మింగేది | ముందుండే రకాలు |
|---|---|---|---|---|---|
| ఎలక్ట్రికల్ | వస్తువులు, కొంత సమాచారం | అదే రోజు | ప్రాణాపాయం, అగ్నిప్రమాదం | తీగలు లాగడం, పరీక్షించడం, నమోదు | కార్యశీల, పరిశోధక |
| వెల్డింగ్ | వస్తువులు | నిమిషాల్లో | అతుకు విఫలం, కాలిన గాయాలు | రుద్దడం, శుభ్రం చేయడం, అమర్చడం | కార్యశీల, క్రమబద్ధ |
| మెషినిస్టు | వస్తువులు, అంకెలు | గంటల్లో | భాగం వృథా, చేతికి గాయం | కొలవడం, మళ్ళీ కొలవడం | కార్యశీల, క్రమబద్ధ |
| వాహన మరమ్మతు | వస్తువులు, ఆలోచనలు | అదే రోజు లేదా కొన్ని రోజుల్లో | వాహనం దారిలో విఫలం | లోపం వెతకడం | కార్యశీల, పరిశోధక |
| నర్సింగ్ | మనుషులు | గంటలు, రోజులు | రోగికి హాని | నమోదులు, పరిశుభ్రత | సేవా, పరిశోధక |
| ల్యాబ్ టెక్నీషియన్ | నమూనాలు, సమాచారం | గంటల్లో | తప్పుడు చికిత్స | లేబుళ్ళు, నాణ్యత పరీక్షలు | పరిశోధక, కార్యశీల |
| రేడియోగ్రఫీ | యంత్రం, మనుషులు | నిమిషాల్లో | మళ్ళీ కిరణాలకు గురిచేయడం | రోగిని సరైన భంగిమలో ఉంచడం | కార్యశీల, సేవా |
| నెట్‌వర్కింగ్ | సమాచారం | నిమిషాల నుంచి రోజులు | పనులన్నీ ఆగిపోవడం | లాగ్‌లు చదవడం, పత్రాలు రాయడం | పరిశోధక, క్రమబద్ధ |
| అకౌంటింగ్ | సమాచారం | నెలాఖరు | డబ్బు, చట్టపరమైన చిక్కు | లెక్కలు సరిపోల్చడం | క్రమబద్ధ, నాయక |
| డిజైన్ | ఆలోచనలు | రోజులు | పని మళ్ళీ చేయడం | సవరణలు | కళాత్మక, నాయక |
| వంట | వస్తువులు, వేగం | నిమిషాల్లో | ఆహారం కలుషితం | తరగడం, కడగడం | కార్యశీల, కళాత్మక |
| శిశు సంరక్షణ | మనుషులు | నెలలు | బిడ్డ భద్రత | పరిశీలన నమోదులు | సేవా, కళాత్మక |

చివరి నిలువు వరుసలో రాసిన రకాలు నా అంచనా, వాటిని స్థూలంగానే తీసుకోండి. ఒక్కో చోట పని స్వరూపం ఒక్కోలా ఉంటుంది.

## ఇనుము, విద్యుత్తు, ఇంజిను

ఈ మూడూ 'టెక్నికల్' అన్న ఒకే మాట కింద చేరిపోతాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే వీటికి కావలసిన మనుషులు వేరు.

ఎలక్ట్రికల్ కోర్సులో చేరేవాడికి చేతి నైపుణ్యం కన్నా ముందు రావలసింది కంటికి కనబడనిదాన్ని ఊహించుకోగల శక్తి. తీగను చూస్తే అందులో విద్యుత్తు ఉందో లేదో తెలియదు. సర్క్యూట్ చిత్రాన్ని మనసులో తిప్పుకోగలగాలి, ఓమ్ నియమం నాలుక చివర ఉండాలి. పైగా, స్విచ్ ఆపానని తెలిసినా మీటరుతో పరీక్షించకుండా తీగను ముట్టుకోకూడదన్న క్రమశిక్షణ ప్రతిరోజూ పాటించాలి. 'ఈ ఒక్కసారికి ఫరవాలేదు' అనే స్వభావం ఉన్నవాళ్ళకు ఈ కోర్సు వద్దని నేను గట్టిగా చెబుతాను. ధైర్యసాహసాలను మెచ్చుకునే వృత్తులు వేరే చాలా ఉన్నాయి.

వెల్డింగ్ దీనికి పూర్తిగా భిన్నం. ముసుగు వేసుకున్నాక ప్రపంచమంతా ఆ కరుగుతున్న చిన్న మడుగే. అక్కడ చెయ్యి వణకకూడదు, వేగం మారకూడదు, ఊపిరి కూడా అదుపులో ఉండాలి. ఏకాంతాన్ని ఇష్టపడేవాళ్ళు, ఒకే కదలికను వందలసార్లు చేస్తూ ప్రతిసారీ ఇంకొంచెం మెరుగుపరచుకోవడంలో సంతోషం పొందేవాళ్ళు ఇందులో రాణిస్తారు. నైపుణ్య పరీక్షలకు స్థాయిలున్నాయి. చదునైన పలకతో మొదలై, 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన గొట్టాన్ని చుట్టూ అతికే 6జీ పరీక్ష దాకా వెళ్ళవచ్చు. అతుకును వంచి చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. పని బాగుందో లేదో మాటలతో వాదించుకునే అవసరమే ఉండదు. మాటకారితనం లేదని చిన్నబుచ్చుకునే పిల్లలకు ఇది చాలా న్యాయమైన వృత్తి. వేడి, పొగ, వంగి పనిచేయడం వల్ల వచ్చే నడుంనొప్పి దీనికి చెల్లించే మూల్యం.

మెషినిస్టు పని వెల్డింగ్‌కు పక్కింటిదే కానీ, అందులో మనసు అంకెల మీద ఉంటుంది. మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా భాగం పక్కన పడేయవలసి రావచ్చు. కంప్యూటర్ ఆధారిత యంత్రాలు వచ్చాక ఇందులో ప్రోగ్రాము రాయడం కూడా కలిసింది. కంప్యూటర్లూ ఇష్టం, చేతిలో గట్టి వస్తువు ఉండటమూ ఇష్టం అనేవాళ్ళు ఈ కోర్సును తరచుగా చూడకుండానే దాటిపోతారు. అది నాకు బాధ కలిగించే విషయం.

వాహన మరమ్మతును చాలామంది విప్పి బిగించే పనిగా అనుకుంటారు. నేడు అది లోపాన్ని వెతికే పని. స్కానర్ చూపే కోడ్ ఏ వ్యవస్థలో తేడా ఉందో సూచిస్తుంది గానీ ఏ భాగం చెడిందో తేల్చదు. ఒక సెన్సర్ కోడ్ వస్తే చెడింది సెన్సరే కావచ్చు, దానికి వెళ్ళే తీగ కావచ్చు, ఎక్కడో గాలి లీకవుతూ ఉండవచ్చు. కోడ్ చూడగానే భాగం మార్చేసే తొందర మనిషికీ, 'ముందు ఇది కాదని రుజువు చేద్దాం' అనే మనిషికీ ఇక్కడ చాలా తేడా కనబడుతుంది. విద్యుత్ కార్ల బ్యాటరీలు సాధారణంగా 400 వోల్టులు, కొన్ని 800 వోల్టుల దగ్గర పనిచేస్తాయి. కాబట్టి ఎలక్ట్రికల్ గురించి చెప్పిన క్రమశిక్షణ ఇప్పుడు ఇక్కడా తప్పనిసరి.

## ఆసుపత్రి చుట్టూ ఉన్న కోర్సులు

'సేవాభావం ఉంది కాబట్టి నర్సింగ్' అన్న లెక్క సగమే నిజం. సేవాభావం మనిషిని ఆసుపత్రి గుమ్మం దాకా తెస్తుంది. లోపల ఎక్కడ నిలబడాలన్నదానికి ఇంకో ప్రశ్న వేసుకోవాలి: రోగి బాధను రోజంతా కళ్ళెదుట చూస్తూ పనిచేయగలరా?

చూడగలిగితే నర్సింగ్. అందులో ఆదరణ ఎంత అవసరమో లెక్క కూడా అంతే అవసరం. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అన్న ఐదింటినీ మందు ఇచ్చే ప్రతిసారీ సరిచూడాలి. గణితమంటే పారిపోయి ఇటు వచ్చినవాళ్ళకు మోతాదు లెక్కలు మొదటి దెబ్బ. రాత్రి షిఫ్టులు రెండో దెబ్బ. సౌమ్యత మరీ ఎక్కువగా ఉండి, ఎవరినీ కాదనలేనివాళ్ళు ఈ పనిలో త్వరగా అలసిపోతారు. రోగి మేలు కోసం కాస్త గట్టిగా మాట్లాడవలసిన సందర్భాలు ప్రతిరోజూ వస్తాయి.

బాధను దగ్గరగా చూడలేరు, కానీ ఆ మనిషికి మేలు జరగాలని గట్టిగా కోరుకుంటారు. అలాంటివాళ్ళకు ల్యాబ్ ఉంది. అక్కడ రోగి పేరు ఒక లేబుల్ మాత్రమే. కానీ ఆ లేబుల్ తప్పితే వైద్యుడు ఎంత గొప్పవాడైనా చికిత్స తప్పుతుంది. ల్యాబ్ ఫలితాల్లో దొర్లే పొరపాట్లలో ఎక్కువ భాగం యంత్రం దగ్గర కాక అంతకుముందే, నమూనా తీయడంలో, పేరు రాయడంలో, సరిగా భద్రపరచకపోవడంలో జరుగుతాయి. అందుకే ఇక్కడ తెలివితేటల కన్నా అలవాటైన శ్రద్ధకు విలువ ఎక్కువ.

రేడియోగ్రఫీ ఈ రెంటి నడుమ ఉంటుంది. ఒక్కో రోగితో కొద్ది నిమిషాలే గడుస్తాయి. ఆ కొద్దిసేపట్లో నొప్పితో ఉన్న మనిషిని మాటలతో ఒప్పించి, సరైన కోణంలో కదలకుండా ఉంచాలి. అనుబంధం పెంచుకోవడం కష్టమనిపించి, క్లుప్తమైన పలకరింపులు మాత్రం హాయిగా చేయగలిగేవాళ్ళకు ఇది బాగా నప్పుతుంది. ఆరోగ్య రంగంలో ఎటూ తేల్చుకోలేని విద్యార్థులను నేను ముందుగా దీన్ని చూసి రమ్మంటాను.

## కంప్యూటరు ముందు కూర్చునే కోర్సులు

నెట్‌వర్కింగ్, హార్డ్‌వేర్ కోర్సుల్లో చేరేవాళ్ళలో ఆటలంటే ఇష్టంతో వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆట ఆడటంలోని ఆనందం వేరు, ఆగిపోయిన కనెక్షన్‌ను తీగ దగ్గర నుంచి అప్లికేషన్ దాకా పొర తర్వాత పొరగా పరీక్షించుకుంటూ వెళ్ళడంలోని ఆనందం వేరు. రెండోది మీకు ఉందో లేదో తెలుసుకోవడానికి, ఇంట్లో ఏదైనా పనిచేయకుండా పోయినప్పుడు మీరేం చేశారో గుర్తుచేసుకోండి. కారణం దొరికేదాకా వదలలేదా? లేక ఆపి మళ్ళీ ఆన్ చేయగానే పనిచేస్తే ఆ సంగతి మరచిపోయారా? సహాయ కేంద్రంలో ఉద్యోగమైతే సాంకేతిక జ్ఞానంతో పాటు విసిగిపోయిన మనిషి మాటలను ఓపికగా వినగలగాలి.

అకౌంటింగ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రెండు వరుసల మొత్తాలు కలవకపోతే నిద్రపట్టని మనిషి అయితే చేరండి. 'చిన్న తేడానే కదా' అనిపిస్తే వద్దు.

## సృజన ఉన్న కోర్సులు

డిజైన్, ఫ్యాషన్, వంట, కేశాలంకరణ కోర్సులకు కళాత్మక ఆసక్తి ఉన్నవాళ్ళు వస్తారు. వాళ్ళలో కొందరు మొదటి ఏడాదిలోనే నిరాశపడతారు. కారణం ప్రతిభ లేకపోవడం కాదు. కళలో మీ మాట చివరిది, వృత్తిలో ఎదుటివాళ్ళ మాట చివరిది. వచ్చిన వ్యక్తి తనకు నప్పని జుట్టు తీరునే కోరుకుంటే ఏం చేస్తారు? మీ అభిప్రాయం మర్యాదగా చెప్పి, చివరికి వాళ్ళు కోరినట్టే శ్రద్ధగా చేయగలిగితే ఈ కోర్సు మీదే. లేకపోతే కళను సొంతానికి ఉంచుకుని, బతుకుతెరువుకు వేరే వృత్తి ఎంచుకోవడం గౌరవంగా బతికే దారే.

వంటకు ఇంకో పరీక్ష ఉంది. వంటగదిలో రద్దీవేళ ఒత్తిడి విపరీతం. ఇంట్లో నెమ్మదిగా వండటంలో పొందే ఆనందం ఆ వేగంలో నిలుస్తుందో లేదో ఒక్క పూట నిలబడి చూస్తేగాని తెలియదు. వేగం నచ్చకపోయినా వంట నచ్చితే బేకరీ వైపు చూడండి. అక్కడ తొందర తక్కువ, కొలతల కచ్చితత్వం ఎక్కువ.

## ఎవరికి ఏ మొగ్గు

అన్నీ ఇష్టమే అనిపించేవాళ్ళు. ఫలితంలో ఆరు రకాలూ దాదాపు ఒకే ఎత్తులో వస్తే అది గందరగోళం కాదు, ఇంకా తగినన్ని పనులు చూడలేదన్న సూచన. విస్తృతమైన పునాది ఇచ్చే కోర్సు తీసుకోండి. శీతలీకరణ, ఎయిర్ కండిషనింగ్ కోర్సులో విద్యుత్తు, వాయువుల పీడనం, లోహపు గొట్టాల అతుకు, వినియోగదారులతో మాట అన్నీ ఉంటాయి. వాటిలో ఏది చేస్తుంటే పొద్దు తెలియదో ఏడాదిలో తేలిపోతుంది.

ఆసక్తి ఉండి సామర్థ్యం మీద అనుమానం ఉన్నవాళ్ళు. గణితంలో తక్కువ మార్కులు వచ్చాయని ఎలక్ట్రికల్ వదులుకోకండి. ఆసక్తి ఉన్నచోట గణితం చేతిపనిగా మారి వస్తుంది. చేత్తో పట్టుకున్న గొట్టాన్ని ఏ కోణంలో వంచాలో లెక్కకట్టినప్పుడు త్రికోణమితి కొందరికి మొదటిసారి అర్థమవుతుంది. సామర్థ్యం ఉండి ఆసక్తి లేని కోర్సే ఎక్కువ ప్రమాదకరం. మంచి మార్కులు వస్తూ ఉంటాయి కాబట్టి తప్పుదారిలో ఉన్నామని చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

అమ్మాయిలు యంత్రాల వైపు, అబ్బాయిలు సంరక్షణ వైపు వెళ్ళాలనుకుంటే. 2009లో ప్రచురితమైన ఒక పెద్ద విశ్లేషణలో, సగటున చూస్తే వస్తువుల మీద ఆసక్తి పురుషుల్లో, మనుషులతో చేసే పని మీద ఆసక్తి స్త్రీలలో ఎక్కువని తేలింది. సగటు గుంపుకు చెందినది. మీ ప్రశ్నావళిలో కార్యశీల రకం ముందుంటే ఏ సగటూ దాన్ని రద్దుచేయలేదు. ఇలాంటి విద్యార్థులు కోర్సుతో పాటు కళాశాలను కూడా తూచాలి. ఆ విభాగంలో మీలాంటివాళ్ళు ఇంకెవరైనా చదువుతున్నారా, బోధకులు వాళ్ళ చేతికి పనిముట్టు ఇస్తున్నారా, పక్కన నిలబెట్టి నోట్సు రాయిస్తున్నారా చూడండి.

త్వరగా సంపాదన మొదలవ్వాలనుకునేవాళ్ళు. తక్కువ కాలపు కోర్సు తీసుకోవడంలో తప్పు లేదు. అయితే దాని తర్వాత మెట్టు ఉందో లేదో చూడండి. నర్సింగ్ సహాయకుల కోర్సు నుంచి పూర్తి నర్సింగ్‌కు దారి ఉండే చోట్లు ఉన్నాయి. కొన్ని చిన్న కోర్సులు అక్కడితోనే ఆగిపోతాయి.

ఉద్యోగం మానేసి తిరిగి చదువుకు వచ్చిన పెద్దవాళ్ళు. మీకు ప్రశ్నావళి పెద్దగా అవసరం లేదు. పాత ఉద్యోగంలో మీకు అప్పగించకపోయినా మీరే వెళ్ళి చేసిన పనులు ఏమిటో రాసుకోండి. అంతకన్నా నమ్మదగిన ఫలితం ఏ పరీక్షా ఇవ్వదు.

## పరీక్షల్లో ఏది నమ్మవచ్చు

కోర్సు ఎంపికకు హాలండ్ తరహా ఆసక్తుల ప్రశ్నావళే ముందు రాయాలి. అమెరికా కార్మిక శాఖ ఉచితంగా అందించేది ఈ ఆరు రకాల ఆధారంగానే తయారైంది. దాని చిన్న రూపంలో 60 ప్రశ్నలుంటాయి. ఐదు లక్షణాల స్వభావ పరీక్షను రెండోదిగా, కోర్సులో చేరాక కూడా రాయవచ్చు.

మనుషులను 16 రకాలుగా విడదీసే మైయర్స్-బ్రిగ్స్ పరీక్ష బాగా ప్రచారంలో ఉంది. కోర్సు నిర్ణయానికి దాన్ని వాడవద్దని నా సలహా. అది ప్రతి లక్షణాన్నీ మధ్యలో గీతగీసి రెండు ముక్కలు చేస్తుంది. మనుషుల్లో ఎక్కువమంది ఆ గీతకు దగ్గరలోనే ఉంటారు కాబట్టి కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే రకం మారిపోవడం అరుదు కాదు.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఆసక్తుల నిలకడ మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2005లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, సుమారు 18 నుంచి 22 ఏళ్ళ మధ్య ఆసక్తుల నిలకడ బాగా పెరుగుతుంది, ఆ తర్వాత చాలా ఏళ్ళు అలాగే ఉంటుంది. అందువల్ల పదిహేనేళ్ళప్పుడు వచ్చిన ఫలితాన్ని పెన్సిలుతో రాసుకున్నట్టుగా చూడాలి. ఇరవై రెండేళ్ళప్పుడు వచ్చినదాన్ని ఇంకొంచెం గట్టిగా నమ్మవచ్చు.

## చేరకముందు ఒక పూట, చేరాక ఒక టర్ము

ఏ పరీక్ష రాసినా, చివరికి మిగిలిన రెండు కోర్సుల వర్క్‌షాపుల్లో ఒక్కో పూట గడపండి. అనుమతి అడిగితే చాలా కళాశాలలు కాదనవు. బోధకుల్ని కాదు, రెండో ఏడాది విద్యార్థుల్ని అడగండి: నిన్న ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు? ఈ కోర్సు మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు? వాళ్ళు చెప్పే కారణం వింటుంటే 'నేనూ మానేసేవాణ్ణే' అనిపిస్తే అది విలువైన సమాచారం.

చేరిన తర్వాత మొదటి టర్ములో మనసు విరిగితే వెంటనే కోర్సు మార్చుకోకండి. ముందు విరిగింది దేనివల్లో విడదీయండి. పని చేస్తుంటే బాగానే ఉండి, తరగతి గది, తోటివాళ్ళు, వేగం, ఒత్తిడి ఇబ్బంది పెడుతుంటే అది స్వభావానికి సంబంధించిన చిక్కు. అదే వృత్తిలో వేరే పని చూసుకుంటే తీరుతుంది. గొడవలు లేని వర్క్‌షాపు, మంచి బోధకులు, నచ్చిన స్నేహితులు అన్నీ ఉన్నా పనిముట్టు చేతిలోకి తీసుకోగానే గడియారం వైపు చూపు పోతుంటే అది ఆసక్తి లేకపోవడమే. అప్పుడు రెండో టర్ము ఫీజు కట్టకముందే కోర్సు మార్పుకు దరఖాస్తు పెట్టండి. ఎక్కువ కళాశాలల్లో మార్పు సులభంగా జరిగేది మొదటి ఏడాదిలోనే.